మూలకాగు దొర్లిన వేళ

చంద్రకూట రాజ్యానికి ఉత్తరాన, మబ్బులను తలపాగాలుగా చుట్టుకున్న రెండు కొండల నడుమ, నూరు పందిళ్ళ కోన అనే లోయ ఉంది. కొండవాలు పొడవునా మెట్లు మెట్లుగా చదును చేసిన నేల, మెట్టు మెట్టుకీ ఒక ద్రాక్షపందిరి. పొద్దు పొడిచేసరికి అక్కడి గుత్తులు మంచుబొట్లు పట్టి, నీలాలూ కెంపులూ కలగలిపి గుచ్చి వేలాడదీసినట్టు మెరుస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి జారిన ఎండ నేలమీద చిరుతపులి చర్మం పరిచినట్టు పడుతుంది. సాయంకాలం పింగళ నది మీదుగా వచ్చే చల్లగాలికి పండిన ద్రాక్ష వాసన తోడైతే, దారిన పోయే బండివాళ్ళు ఎడ్లను నిలిపి కాసేపు ఊరికే కూర్చుని పోతారు.

ఆ కోన ఏడు తరాలుగా పందిరివారిది. ఆ వంశంలో మొదటివాడైన పందిరి నాగయ్య ఎక్కడినుంచో ఒక తీగముక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చి కొండ మొదట్లో నాటాడట. అదే తల్లితీగ. ఇప్పుడు దాని మొదలు ఏనుగు కాలంత లావు. మిగిలిన పందిళ్ళన్నీ దాని కొమ్మలు తెచ్చి నాటినవే. తల్లితీగ పళ్ళ ఆసవాన్ని మాత్రం వేరే దేనితోనూ కలపరు. కొండ పైన, ఎండాకాలంలో కూడా ఒళ్ళు జిల్లుమనే గుహలో, మూలకాగు అనే పెద్ద మట్టికాగు ఉంది. మనిషికన్నా ఎత్తు, చుట్టూ ఇనుపపట్టీలు. తల్లితీగ ఆసవం అందులోనే పోస్తారు. ఏటా కొంచెం తీస్తారు, కొంచెం పోస్తారు, కాగును మాత్రం ఎన్నడూ అడుగంటనివ్వరు. అంటే నాగయ్య స్వహస్తాలతో పోసిన ఆసవం ఎంతో కొంత ఈనాటికీ అందులో ఉన్నట్టే.

ఆ ఆసవం నోట పడితే ఎవరి వేషమూ నిలవదని పందిరివారి ఇంట్లో చెప్పుకునేవారు. తాగినవాడు కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు కదా, అందుకే అలా అన్నారు కాబోలని ఇంటి పడుచు కువలయ చిన్నప్పటినుంచీ అనుకునేది.

కువలయకు తల్లీ తండ్రీ లేరు. ఇద్దరూ ఒకే ఏడు విషజ్వరానికి పోతే, తాత సోమినాయుడే పెంచాడు. పెంచడమంటే, పందిళ్ళ కిందే పెంచాడు. ఏ గుత్తి ఎప్పుడు కోయాలో, ఏ తీగకు ఎంత ఎండ కావాలో, ఏ కాగు లోపల ఎలా గుసగుసలాడితే మూత తీయాలో, ఆ పిల్లకు మాటలతో పాటే వచ్చాయి. దానికి తోడు కొండమేకలా రాళ్ళమీద పరుగెత్తడమూ, కోత కొడవలిని కన్ను మూసి తెరిచేలోగా విసరడమూ ఎవరూ నేర్పకుండానే వచ్చాయి.

ఆ రోజు కోతపండుగ. తెల్లవారకముందే కోన అంతా మేలుకుంది. ఆడవాళ్ళు గంపలు నడుముకు ఆనించుకుని పాడుతూ గుత్తులు కోస్తున్నారు.

"ఏమే రంగీ! కోసినవన్నీ గంపలో వేస్తున్నావా, లేదా?" అని కువలయ పై మెట్టు మీదినుంచి కేక వేసింది.

"సగం గంపలో, సగం కడుపులో అమ్మాయిగారూ!" అంది రంగి, బుగ్గనిండా పళ్ళతో. పందిరి పందిరంతా గొల్లుమంది.

కింద వంటపందిట్లో జొన్నరొట్టెలు పొంగుతున్నాయి. గుమ్మడికాయ పులుసు, వేటమాంసం, నువ్వుల పొడి వాసనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి వస్తున్నాయి. సోమినాయుడు పట్టు తలపాగా నాలుగోసారి విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఏటా ఈ రోజున రత్నాంగద మహారాజు వస్తాడు. కోన వాకిట్లోనే గుర్రం దిగి, పాదరక్షలు విడిచి, పంచె ఎగగట్టి, రాతితొట్టిలో పోసిన మొదటి గంప పళ్ళను తానే తొక్కుతాడు. తొక్కుతూ పాట కూడా అందుకుంటాడు. రాజుగారి గొంతు పిడకలు విరుస్తున్నట్టు ఉంటుంది. అయినా జనం ఆ పాట కోసమే కాచుకుని ఉంటారు.

"తాతా, నీ తలపాగా ఇప్పుడే బాగుంది. ఇంకోసారి విప్పావంటే రాజుగారు వచ్చేసరికి బోడితలతో ఉంటావు," అంది కువలయ దిగివచ్చి.

"నువ్వు కొంచెం నా ఎడంపక్క చూడు అమ్మడూ, వేలాడుతోందా?"

ఆమె నవ్వి సరిచేస్తూ ఉండగానే, కొండ పైనుంచి కేకలు వినిపించాయి.

"ఎలుగు! ఎలుగుబంటి వచ్చింది!"

కువలయ కొడవలి అందుకుని మెట్ల వెంట పరుగెత్తింది. ఆమె చేరేసరికి పదిమంది మొగవాళ్ళు కర్రలూ గొడ్డళ్ళూ పట్టుకుని ఒక నల్లటి ఎలుగుబంటిని చుట్టుముట్టి ఉన్నారు. దాని భుజంలో ఒక బాణం దిగి ఉంది. నోరు తెరిచి రొప్పుతోంది. కానీ కువలయకు ఒక విషయం వింతగా తోచింది. ఎలుగన్నది ద్రాక్షతోటలో పడితే పందిరిని పీకి పాకం పెడుతుంది. ఇదేమో మూతి ముందే వేలాడుతున్న గుత్తులకేసి చూడనైనా చూడకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ గుహవైపు పోతోంది.

ఒకడు గొడ్డలి ఎత్తాడు. ఎలుగు పారిపోలేదు. వెనక్కాళ్ళ మీద నిలబడి, కువలయ వైపు తిరిగి, ముందుకాళ్ళు రెండూ జోడించింది.

"ఆగండి!" అని ఆమె అడ్డంపడింది. "దెబ్బతిని శరణన్న ప్రాణిని పండుగ పూట చంపుతారా? నడవండి, మీ పని చూసుకోండి. దీన్ని నేను గుహలో పెట్టి తలుపు వేస్తాను."

"మీకు మతిపోయిందా అమ్మాయిగారూ? అది ఎలుగండీ!"

"నాకూ కళ్ళున్నాయిలే."

ఎలుగు ఆమె వెనకే బుద్ధిగా నడిచింది. గుహలో కూర్చోబెట్టి, బాణం ఊడదీసి, పసుపు నూరిన గుడ్డ కడుతుంటే కిక్కురుమనలేదు. బాణం చివర రాజుగారి వేటబలగం వాడే ఆకుపచ్చ ఈక ఉండడం చూసి, వేటలో తప్పించుకు వచ్చి ఉంటుందిలే అనుకుంది. ఇంతలో కింద నగారా మోగింది. కువలయ తలుపు గడియ వేసి కిందికి పరుగెత్తింది.

రాజు పరివారం కోనలోకి వచ్చింది. కానీ రాజు వాకిట్లో గుర్రం దిగలేదు. పందిళ్ళ మధ్యనుంచే గుర్రాన్ని నడిపించుకుంటూ, దారిలోని గంపలను దాని కాళ్ళతో తన్నిస్తూ, తల్లితీగ దాకా వచ్చాడు. అక్కడ వేసిన సింహాసనం మీద కూర్చున్నాడు. అదే రూపం, అదే గడ్డం, అదే బొజ్జ. ముఖంలో మాత్రం చిరునవ్వు లేదు.

సోమినాయుడు వెండిగిన్నెలో తల్లితీగ ఆసవం పోసి రెండు చేతులా అందించాడు. "ప్రభువులు మొదటి గుక్క అనుగ్రహించాలి."

రాజు ఆ గిన్నెను చూడగానే, పామును చూసినవాడిలా చేయి వెనక్కి లాక్కున్నాడు. "నాకు వ్రతం ఉంది. దూరంగా పెట్టు."

"ద్రాక్షలు తొట్టిలో పోసి ఉంచాము ప్రభూ. తమరు పాదం పెడితే..."

"నేను తొక్కడానికి రాలేదు, నరికించడానికి వచ్చాను. ఈ తీగ రాజ్యానికి అరిష్టమని జ్యోతిష్కులు చెప్పారు. దీన్ని మొదలంటా నరకండి. గుహలో దీని ఆసవం ఎంత ఉంటే అంతా నేలపాలు చేయండి. దండనాయకా, చూస్తావేం?"

పాడుతున్న ఆడవాళ్ళ గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దండనాయకుడు ఉగ్రబాహుడు పేరుకు తగ్గట్టు కొండంత మనిషి, నల్లటి కోరమీసాలవాడు. ఆయన కూడా ఒక క్షణం కదలలేదు. తన పెళ్ళికి వచ్చిన ఆసవం ఈ పందిరి కింద పండినదే.

"ప్రభూ," అన్నాడు మెల్లగా, "తమ తాతగారి పట్టాభిషేకం నాటినుంచీ..."

"నరకమన్నాను!"

సోమినాయుడు పోయి తల్లితీగ మొదలును రెండు చేతులా కావలించుకున్నాడు. "ముందు నా చేతులు నరికి, తర్వాత తీగ నరకండి. నా ఇంటి ఆడపిల్లల పురుళ్ళూ, మొగపిల్లల నామకరణాలూ అన్నీ దీని నీడనే జరిగాయి. దీన్ని నా కళ్ళముందు పడగొడితే నేను మాత్రం ఎందుకు?"

రాజు సైగ చేశాడు. అతని వెంట కొత్తగా వచ్చిన ఇద్దరు భటులు, ముక్కులు కోసుగా, చూపులు దొంగచూపులుగా ఉన్నవాళ్ళు, ముసలివాణ్ణి ఈడ్చి పందిరి నడిమి గుంజకు తాళ్ళతో కట్టేశారు. ఆ గుంజ చుట్టూ తల్లితీగ పెనవేసుకుని ఉంది. ఇంకో గుంపు ఆసవం పారబోయడానికి కొండ ఎక్కే దారి పట్టింది.

కువలయ పళ్ళు కొరికింది. తాతకు అడ్డంపడితే తననూ కట్టేస్తారు. గుహలో ఉన్న ఎలుగు కంటబడితే ఈ భటులు బల్లాలతో పొడిచి చంపుతారు. ఆమె నెమ్మదిగా వెనక్కి జరిగి, గంపల చాటున వంగి, పందిళ్ళ కిందుగా కొండ ఎక్కసాగింది. భటులు మెలికలు తిరిగే మెట్లదారిన పోతున్నారు. ఆమెకు రాళ్ళ సందుల్లోని అడ్డదారులన్నీ తెలుసు. తీగలు పట్టుకుని ఎగబాకి, గట్లు దూకి, వాళ్ళకన్నా ఎంతో ముందు గుహ చేరింది.

ఎలుగు మూలకాగు ముందు నిలబడి, దాని మట్టిమూతను గోళ్ళతో గీకుతోంది. చేతకాక మూలుగుతోంది.

"నీకూ దీనిమీదే కన్నుపడిందా?" అంది కువలయ, ఏడుపూ నవ్వూ కలిసి వస్తుంటే. "సరే, ఎలాగూ నేలపాలు చేస్తారట. నొప్పయినా తగ్గుతుంది, తాగు. తాగి అడవిలోకి పారిపో."

మూత పగలగొట్టి, సొరకాయ బుర్రతో ముంచి, దాని నోట్లో పోసింది. మొదటి గుక్కకు ఎలుగు ఒళ్ళంతా వణికింది. రెండో గుక్కకు నల్లటి బొచ్చు ఎండుటాకుల్లా రాలిపోయింది. మూడో గుక్క మింగేసరికి ఆమె ఎదుట బొజ్జతో, నెరిసిన గడ్డంతో, భుజానికి పసుపుగుడ్డతో రత్నాంగద మహారాజు నిలబడి ఉన్నాడు.

కువలయ చేతిలోని బుర్ర కింద పడింది.

"అటు తిరుగు తల్లీ," అన్నాడు రాజు గబగబా మూలనున్న గడ్డిమోపు వెనక దాక్కుంటూ. "అటు తిరిగి, ఏదైనా గుడ్డ ఉంటే ఇటు విసురు."

ఆమె కళ్ళు మూసుకుని, కాగులకు కప్పే గోనెపట్టా ఒకటి విసిరింది. రాజు దాన్ని నడుముకు చుట్టుకుని ఇవతలికి వచ్చాడు.

"ప్రభూ! మరి కింద ఉన్నది?"

"ఘూకాసురుడు. ఉత్తరపు అడవిలో ఒక రాక్షసుడు. వేటలో దారి తప్పితే బోయవాడిలా ఎదురై తేనె పెట్టాడు. నేనూ ఆకలిమీద ఉండి నాకాను. కళ్ళు తెరిచేసరికి నాకు బొచ్చు, వాడికి నా ముఖం! నా భటులే నన్ను తరిమి తరిమి కొట్టారు. మా నాయనమ్మ చిన్నప్పుడు చెప్పేది, తల్లితీగ ఆసవం నోట పడితే ఏ మాయవేషమైనా విడిపోతుందని. ఆ మాట పట్టుకునే అడవులన్నీ దాటి ఇక్కడికి చేరాను. కువలయా, ఇంకొక్క బుర్ర పొయ్యమ్మా. నోరంతా ఇంకా ఎలుగు వాసనే."

"దానికి వేళ లేదు ప్రభూ. తీగ మీద గొడ్డళ్ళు పడబోతున్నాయి. మా తాతను కట్టేశారు. తమరు కిందికి వచ్చి నేనే రాజునంటే?"

"ఈ గోనెపట్టాతోనా? సింహాసనం మీద ఉన్నవాడి మాట వింటారా, నా మాట వింటారా? ముందు వాడి చేత ఆ ఆసవం తాగించాలి. వాడేమో ఆ గిన్నెను ముట్టనైనా ముట్టడు."

కువలయ గుహ వాకిలికేసి చూసింది. అక్కడినుంచి కొండ కిందికి, నేరుగా తల్లితీగ దాకా, ఖాళీ కాగులను దొర్లించుకుపోవడానికి వేసిన రాతిబాట ఉంది. ఆ బాట చివరే సింహాసనం. దానికి కొంచెం ఎడంగా తాతను కట్టిన గుంజ. తర్వాత వెనక్కి తిరిగి మూలకాగును చూసింది. ఏడు తరాల చేతులు ఆ కాగు మీద పడ్డాయి. తాత ఏటా దాన్ని తడిగుడ్డతో తుడిచేటప్పుడు పసిపాపకు నీళ్ళు పోస్తున్నంత మెల్లగా తుడుస్తాడు.

"పోయేది ఎలాగూ పోతుంది," అంది. "పోయేదేదో వాడి నెత్తినే పోనీ! ప్రభూ, తమ చేతుల్లో ఎలుగు బలం ఇంకా కొంచెం మిగిలి ఉందా?"

రాజు పిడికిళ్ళు బిగించి చూసుకున్నాడు. "ఉన్నట్టే ఉంది. కానీ దిగిపోతోంది. త్వరగా చెప్పు."

ఆమె కాగు మూతికి చెక్కమూత బిగించి, జిగురుమట్టి మెత్తింది. ఇద్దరూ గడ్డపారలు కాగు కింద గుచ్చి, భుజాలు ఆనించి, ఒక్క ఊపున తోశారు. మూలకాగు ఊగింది. రాజు గట్టిగా ఎలుగులాగే గుర్రుమని మళ్ళీ తోశాడు. కాగు పక్కకు ఒరిగి, గుహ దద్దరిల్లేలా వాకిట్లోకి దొర్లింది.

అప్పుడే మెట్లదారి ముగిసి భటులు గుహ ముందుకు వచ్చారు. వాళ్ళు చూసింది రెండే రెండు సంగతులు: తమ మీదికి వస్తున్న కొండంత కాగు, దాని వెనక గోనెపట్టా కట్టుకుని తరుముకొస్తున్న తమ మహారాజు. బల్లాలు పారేసి తలో పొదలోకీ దూకారు.

కాగు రాతిబాట ఎక్కింది. మొదట ఏనుగు నడకగా, తర్వాత గుర్రపు దౌడుగా, తర్వాత పిడుగుగా! ఇనుపపట్టీలు రాళ్ళకు రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. కొండంతా ఉరిమినట్టు మోగింది. కాగు వెనక కువలయ, ఆమె వెనక రాజు పరుగెత్తుతున్నారు. "తప్పుకోండి! తప్పుకోండి!" అని ఆమె గొంతు చించుకుంటుంటే, కోతవాళ్ళు గంపలతో సహా పక్కకు దూకుతున్నారు. బాట మధ్యలో ఒక రాయి తగిలి కాగు ఎడమకు తిరిగింది. నేరుగా తాతవైపు! కువలయ ప్రాణం కంటిరెప్పల్లోకి వచ్చింది. గట్టు మీదినుంచి ఎగిరి దూకి, చేతిలోని గడ్డపారను కాగుకూ రాతిబాటకూ నడుమ అడ్డంగా విసిరింది. గడ్డపార వంకర తిరిగిపోయింది. కాగు మాత్రం మళ్ళీ కుడికి మళ్ళింది.

మాయారాజు లేచి నిలబడ్డాడు. పారిపోవడానికి అటూ ఇటూ చూశాడు. చూస్తుండగానే మూలకాగు సింహాసనం ముందున్న రాతితొట్టి అంచుకు కొట్టుకుని, ఫెళ్ళుమని పగిలింది. ఏడు తరాల ఆసవం కెంపురంగు కెరటంగా లేచి, సింహాసనాన్నీ పరివారాన్నీ ఒక్కసారిగా ముంచేసింది.

తర్వాత జరిగింది చూడవలసిందేగాని చెప్పతరం కాదు. ఉగ్రబాహుడి నల్లటి కోరమీసాలు పాలనురుగంత తెల్లగా తేలాయి. కొత్త భటులిద్దరూ కుయ్యోమని రెండు నక్కలై, తోకలు ముడుచుకుని పొదల్లో పడి పారిపోయారు. సింహాసనం మీద ఉన్నవాడు మాత్రం ఉబ్బి, ఉబ్బి, కిరీటం పగిలి, పట్టుబట్టలు పేలికలై, ఏనుగంత గుడ్లగూబగా నిలబడ్డాడు. పళ్ళేలంత గుండ్రటి కళ్ళు. కొడవళ్ళంత గోళ్ళు. ఆ రెక్కలు విప్పితే పందిరి కింద చీకటి పడింది.

"అది రాజు కాదు!" అని అరిచాడు అసలు రాజు, బాట దిగి వస్తూ. "నేను రాజును! ఉగ్రబాహూ, నీ మీసానికి రంగు వేస్తావని నాకెప్పుడో అనుమానం!"

ఆ గొంతు విన్నాక ఇక ఎవరికీ సందేహం లేదు. ఉగ్రబాహుడు కత్తి దూశాడు. భటులు బల్లాలెత్తారు. కానీ మిట్టమధ్యాహ్నం. ఆ వెలుగులో గుడ్లగూబకు కళ్ళు కనబడడం లేదు. అది వెర్రెత్తినట్టు గుండ్రంగా తిరుగుతూ దొరికినదాన్నల్లా గోళ్ళతో పట్టుకుంటోంది. సింహాసనం దొరికితే నుగ్గు చేసింది. నగారా దొరికితే చీల్చింది. ఆఖరికి పందిరి నడిమి గుంజ దొరికింది. అదే ఆయుధమనుకుందో, శత్రువనుకుందో, దాన్ని నేలలోంచి పెకలించి, గుంజకు కట్టిన సోమినాయుడితో సహా, గుంజను పెనవేసుకున్న తీగలతో సహా, ఆకాశంలోకి ఎగిరింది!

"తాతా!"

కువలయ ఆలోచించలేదు. తెగి నేలమీద ఈడ్చుకుపోతున్న తీగను పట్టుకుని వేలాడింది. కాళ్ళు నేలను వదిలాయి. కింద కేకలు, కత్తుల మెరుపులు, పైకి చేతులు చాచిన రంగి, "తీగ మొదలు భద్రంగానే ఉంది, నేను కాస్తాను!" అని అరుస్తున్న రాజు, అన్నీ గిర్రున తిరిగి చిన్నవైపోయాయి.

గాలి చెవుల్లో హోరుమంటోంది. నడుముకు దోపుకున్న కొడవలితోనే ఆమె చేతి మీద చేయి వేసి, తీగ వెంట పైకి ఎగబాకింది. గుంజ దగ్గరికి చేరి, దాన్ని కాళ్ళతో కరుచుకుని, తాత కట్లు కోసింది. సోమినాయుడి తలపాగా ఎప్పుడో ఎగిరిపోయింది. తెల్లటి జుట్టు గాలికి లేస్తోంది. ఆయన రెండు చేతులా గుంజను పట్టుకుని మనవరాలికేసి చూశాడు.

"మూలకాగు పగలగొట్టావు కదే!"

"పగలగొట్టాను తాతా."

ఆయన పెదవుల మీద, గడ్డం మీద అంటిన ఆసవాన్ని నాలుకతో తుడుచుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "అడుగున ఉన్నది ఇన్నేళ్ళూ నేనెప్పుడూ రుచి చూడలేదు. మా ముత్తాత పోసింది కాబోలు. ఆహా! ఏం పాకమే!" అన్నాడు. "పోనీలే. తీగ ఉంది, మట్టి ఉంది. ఇంకో కాగు చేసుకోలేమా?"

కువలయకు గుండెల మీద ఉన్న రాయి దిగిపోయింది. పకపకా నవ్వింది. అంత ఎత్తున వేలాడుతూ ఆమె అలా నవ్వితే ముసలాయనకూ నవ్వొచ్చింది.

గుడ్లగూబ మాత్రం గుడ్డిగా ఎగురుతోంది. ఒక కొండ శిఖరానికి రెక్క తగిలి ఒరిగిపోయింది. ఇంకో శిఖరం నేరుగా ఎదురొస్తోంది. కువలయ చటుక్కున రెండు తీగలు దాని రెండు కాళ్ళకూ ముడివేసి, కుడి తీగను బలంగా లాగింది. గుడ్లగూబ కుడికి తిరిగింది. శిఖరం ఎడమచేతికి అందేంత దగ్గరగా జారిపోయింది.

"చూశావా తాతా! మన గంగిరెద్దుకన్నా బుద్ధిగా ఉంది!"

"మరీ బిగించకు. బండి తోలినట్టే, వదులుగా పట్టి ఉంచు. అలసిపోతే అదే దిగుతుంది."

వాళ్ళు మబ్బుల మీదుగా సాగిపోతుంటే, గుహలో రాజు చెప్పిందంతా కువలయ తాతకు చెప్పింది. కింద పచ్చటి అడవులు, వెండితీగల్లాంటి వాగులు, తేనెరంగు ఎండలో మునిగిన మైదానాలు. ఆకలి వేసి, కువలయ పక్కనే వేలాడుతున్న గుత్తి తెంపి, సగం తాతకిచ్చి, సగం తాను తిన్నది. అంత తియ్యటి పండు ఆమె ఎన్నడూ తినలేదు.

ఉత్తరపు అడవి మధ్యకు వచ్చేసరికి గుడ్లగూబ రెక్కలు తడబడసాగాయి. దానికి అలవాటైన వాసన తగిలినట్టుంది, మెడ చాచి కిందికి వంగింది. చెట్ల నడుమ నల్లరాతి కోట ఒకటి కనిపించింది. కోట ముంగిట్లో వందలకొద్దీ జంతువులు. జింకలు, కొంగలు, అడవిపందులు, కుందేళ్ళు. కావలివాళ్ళు కనిపించలేదు. అయినా ఒక్కటీ పారిపోవడం లేదు. కొన్ని వెనక్కాళ్ళ మీద నిలబడి, చేతులు కట్టుకున్నట్టు ముందుకాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. ఒక ముసలి జింక కూర్చుని ఒక పిల్లజింక తలను నిమురుతోంది. ఆకాశంలో రెక్కల చప్పుడు వినగానే అన్నీ ఒక్కసారి తలలెత్తి చూశాయి.

కువలయ తాత చేయి పట్టుకుంది. "అవి జంతువులు కావు తాతా."

"కావు," అన్నాడు సోమినాయుడు మెల్లగా. "మనుషులు. మన రాజులాగే, తేనె నాకినవాళ్ళు." ఆయన తీగ వెంట వేలాడుతున్న గుత్తులను ఒకటొకటే చూపుతో తడిమాడు. ద్రాక్షను తూకం వేసే చూపు అది. "తలా మూడు గుక్కలు చాలు. కానీ రసం పిండితే సరిపోదే అమ్మడూ. పులియాలి. పులిసి ఆసవమయ్యేదాకా ఈ కోటలో, వీడి కంటబడకుండా ఎక్కడో దాక్కోవాలి."

"దాక్కుందాం. నల్లరాతి కోటన్నాక చల్లటి నేలమాళిగ ఒకటి ఉండదా?"

"తొట్టి కావాలి. కాగు కావాలి."

"వెతుక్కుందాం. తొక్కడానికి కాళ్ళు మనవే ఉన్నాయిగా."

ముసలాయన పంచె ఎగగట్టి గట్టిగా ముడివేశాడు. కువలయ కొడవలిని పళ్ళ మధ్య కరుచుకుని, రెండు తీగలనూ ఒక్కసారి కిందికి లాగింది. ఘూకాసురుడు రెక్కలు ముడిచి, కోట బురుజు వైపు రాయిలా జారసాగాడు.